అద్దం కింద సగం ఇంజన్

ఆ బండి బానెట్ ఎత్తితే ఇంజన్‌లో సగమే కనిపించేది. మిగతా సగం ముందు అద్దం కిందికి దూరి ఉండేది. లోపల ఏడుగురికి చోటు చేయాలని అద్దాన్ని ముందుకు లాగి, ఇంజన్‌ను వెనక్కి నెట్టిన మహానుభావుడు ఎవరో నాకు తెలియదు. ఆ చలికాలం మాత్రం నేను అతన్ని తిట్టుకోని రోజు లేదు. పదిహేనేళ్ళ నాటి డీజిల్ బండి అది. మా చేతికి వచ్చేసరికే ఇద్దరు యజమానుల్ని చూసింది. వెనక సీట్లను ఎన్నిసార్లు కడిగినా గొర్రెల వాసన పోయేది కాదు.

మేము కాజిల్‌బార్ అనే ఐరిష్ పట్టణానికి ముప్పై కిలోమీటర్ల దూరంలో అద్దెకుండేవాళ్ళం. నా భార్య అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. కోవిడ్ వచ్చాక నా ఆఫీసు వంటింటి బల్ల మీదికి వచ్చేసింది. మాకు ఏడేళ్ళ కూతురు. ఇంటికి ఉన్నది ఒకటే బండి. ఆమె డ్యూటీకి వెళ్ళే వేళకు బస్సు లేదు, ఊళ్ళో టాక్సీ నడిపే ఒక్క మనిషీ ఎప్పుడో మానేశాడు.

క్రిస్మస్ తర్వాత జబ్బు మళ్ళీ విరుచుకుపడింది. ఆమెతో పనిచేసే డాక్టర్లు చాలామంది ఇల్లు విడిచి ఆసుపత్రి దగ్గర గదులు తీసుకున్నారు. ఆమె తీసుకోలేదు. రోజూ ఇంటికి వచ్చేది. వెనక గుమ్మంలోంచి వచ్చి, బట్టలు వాషింగ్ మెషిన్‌లో పడేసి, స్నానం చేసి, అప్పుడు పిల్ల దగ్గర కూర్చునేది. పిల్ల ఆ అరగంట కోసం సాయంత్రం నుంచి కిటికీ దగ్గరే ఉండేది.

"బండి సరిగా నడిచినన్నాళ్ళు వస్తా. ఒక్కరోజు నావల్ల డ్యూటీ మారటం ఆలస్యమైందంటే మాత్రం నేనూ గది తీసుకుంటా" అని ఆమె ముందే చెప్పింది. రాత్రంతా వార్డులో నిలబడిన డాక్టరు, పొద్దున ఈమె వచ్చేదాకా ఇంటికి పోవడానికి లేదు. అదీ సంగతి. మా పిల్లకు తల్లి ఇంట్లో ఉంటుందా ఉండదా అనేది ఆ ముసలి ఇంజన్ చేతిలో ఉంది. ఇంజన్ నా చేతిలో ఉందనుకున్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి. బాబాలు గాల్లోంచి విభూతి తీస్తున్నారంటే, అదే ఊళ్ళో బల్లెక్కి అదే విభూతి తీసి చూపించి, ఎలా తీశానో విప్పి చెప్పేవాణ్ణి. నిప్పుల మీద నడిచాను. గ్రహణం రోజున గర్భిణులతో కలిసి బజారులో కూర్చుని పులిహోర తిన్నాను. మాది దండల పెళ్ళి. పురోహితుడు లేడు, ముహూర్తం లేదు, ఉపన్యాసాలు మాత్రం నాలుగున్నాయి. అందులో ఒకటి నాదే. పెళ్ళికొడుకే మైకు పట్టుకుంటే మా అత్తగారు ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. అవి ఆనందబాష్పాలని నేను చాలాకాలం నమ్మాను.

ఈ బండి కొన్నప్పుడు నేస్ అనే ఊళ్ళో ఉండే ఒక తెలుగు పెద్దాయన ఫోన్ చేశాడు. ఇక్కడి మనవాళ్ళందరికీ ఆయన అంకులే.

"అబ్బాయ్, నిమ్మకాయలు తొక్కించావా?"

"లేదంకుల్. చట్నీకి వాడుకున్నాం."

"పోనీ కొబ్బరికాయన్నా కొట్టవయ్యా. పాత బండి, చిన్న రోడ్లు."

"చిన్న రోడ్లైతే మెల్లగా వెళ్ళాలి అంకుల్. కొబ్బరికాయ బ్రేకు వేస్తుందా?"

"నీతో మాట్లాడ్డం నాదే బుద్ధి తక్కువ" అని ఫోన్ పెట్టేశాడు. ఆ వాదన గెలిచినందుకు రెండ్రోజులు హుషారుగా ఉన్నాను.

నవంబరు నుంచి బండి మొరాయించడం మొదలుపెట్టింది. పొడిగా ఉన్న రోజు చక్కగా అంటుకునేది. వాన కురిసిన మర్నాడు మాత్రం దగ్గి, వణికి, స్టీరింగ్ ముందు పసుపు దీపం వెలిగించి, నాలుగోసారికో ఐదోసారికో లేచేది. మేముండే మాయో కౌంటీలో వాన కురవని రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఊళ్ళో గరాజ్ వాళ్ళు బండిని రెండు మూడు రోజులు వదిలిపెట్టి వెళ్ళమన్నారు. వదిలిపెడితే ఆమె ఎలా వెళ్తుంది? ఆమెకు సెలవున్న ఆదివారం వాళ్ళకూ సెలవే.

మా రోడ్డు చివర షెడ్డులో ఒక మెకానిక్ ఉండేవాడు. డెబ్బైకి దగ్గరపడినవాడు. ఊపిరితిత్తులు బాగాలేక, జీపీ, అంటే ఊరి డాక్టరు, గట్టిగా చెబితే షెడ్డు మూసి ఇంట్లో తలుపేసుకున్నాడు. ఫోన్‌లో మాత్రం దొరికేవాడు. ఆయన ఇంగ్లీషు నాకు ముప్పాతిక వంతే అర్థమయ్యేది, అర్థమైనంత మన మాటల్లో చెబుతాను.

"వాన రోజే గొడవ చేస్తుందా?"

"వాన రోజే."

"అయితే నీళ్ళు. అద్దం కింద, వైపర్ల దగ్గర నల్ల ప్లాస్టిక్ పలక ఉంటుంది. దానిమీద పడ్డ నీళ్ళు రెండు పక్కల బెజ్జాల్లోంచి కిందికి పోవాలి. నీవి ఇంజన్ మీదికి పోతున్నాయి. పలక తియ్యి. బెజ్జాలు శుభ్రం చెయ్యి. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు వెళ్ళే వైర్లు ఆరబెట్టు."

"అంతేనా?"

"అంతే కాదు. మళ్ళీ బిగించేటప్పుడు పలక అంచు రబ్బరు ఈ చివర నుంచి ఆ చివర దాకా కూర్చోవాలి. అసలు పని అదీ. అయ్యాక అద్దం మీద ఒక బకెట్ నీళ్ళు పోసి, కింద టార్చి వేసి చూడు. చుక్క పడకపోతే గ్రాండ్, ఇక ఢోకా లేదు."

అద్భుతంగా అనిపించింది నాకు. ఆ సంవత్సరమంతా ఎవరూ దేనికీ ఇలా సూటిగా కారణం చెప్పలేదు. జబ్బు ఎందుకు ఒకరిని వదిలి ఒకరిని పట్టుకుంటుందో నా భార్య కూడా చెప్పలేకపోయేది. మన వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం అందరికీ అన్నీ తెలుసు. కషాయాలు, ముక్కులో నూనె చుక్కలు, ఆవిరి పట్టడాలు. ఒక్కొక్కరికీ పేజీలకు పేజీలు జవాబు రాసి, చివరికి నాలుగు గ్రూపుల్లోంచి బయటికొచ్చాను. రెండింట్లోంచి వాళ్ళే తీసేశారు. అట్లాంటి రోజుల్లో ఒక ముసలాయన, కారణం ఇదీ, పరీక్ష ఇదీ అని చెబితే దండం పెట్టబుద్ధేసింది.

ఆదివారం పొద్దున మబ్బు కాస్త విడిచింది. ఆమె వారం రోజుల అలసటతో పై గదిలో నిద్రపోతోంది. నేను స్పానర్లు పట్టుకుని బయటికొచ్చాను.

వైపర్ చేతులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. వాటిని ఊడదీయడానికే గంట పట్టింది. పలకను పట్టుకున్న ప్లాస్టిక్ క్లిప్పులు చలికి పెళుసెక్కి, ముట్టుకుంటే విరిగాయి. పలక లేచాక కింద ఇనప రేకు, దాని కింద వైపర్ మోటారు, ఆ మోటారు కింద ఎక్కడో చీకట్లో ఇంజెక్టర్లు. చెయ్యి లోపలికి పెడితే కన్ను పెట్టడానికి సందు లేదు. కన్ను పెడితే చేతికి సందు లేదు. ఫోన్‌ను దారం కట్టి లోపలికి దింపి ఫోటోలు తీశాను. అన్నింట్లోనూ నల్లగా ఏదో మెరుస్తోంది, ఏమిటో తెలియదు. వేళ్ళ గణుపుల దగ్గర చర్మం లేచిపోయింది. వైర్లను గుడ్డతో తుడిచానని అనుకుంటున్నాను. తుడిచింది వాటినేనని చెప్పలేను.

బెజ్జం మాత్రం దొరికింది. ఎడమ పక్కది పూర్తిగా మూసుకుపోయి ఉంది. స్పూనుతో తవ్వాను. కుళ్ళిన ఆకులు, దేవదారు చెట్టు సూదుల్లాంటి ఆకులు, నాచు, కొంత గొర్రె బొచ్చు, దోసిలి నిండా నల్లటి ముద్ద వచ్చింది. ఆ ముద్దలో పచ్చగా ఏదో కనిపించింది. వేలితో తీసి చూశాను. బియ్యపు గింజ. పసుపు పట్టిన బియ్యపు గింజ.

ఇంకా వెతికాను. మొత్తం పదకొండు దొరికాయి.

ఇప్పుడు నిజాయితీగా రాయాలి. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. ఎన్నో ఏళ్ళు సభల్లో చెప్పాను, మూఢనమ్మకం ఖరీదు మనుషులే కడతారని. ఇదిగో, నా ఇంట్లోనే, నా బండిలోనే రుజువు. పలకను అక్కడే గోడకు ఆనించి, పదకొండు గింజల్నీ కడిగి, తెల్ల సాసర్లో పెట్టి వంటింటి బల్ల మీద ఉంచాను. మెకానిక్‌కు ఫోటో కూడా పంపాను.

ఆయన వెంటనే ఫోన్ చేశాడు. "ఏమిటవి, కోళ్ళ మేతా?"

"కాదు. మావాళ్ళ ఆచారం. వీటివల్లే బెజ్జం పూడుకుంది."

"పదకొండు గింజలకా?" కాసేపు దగ్గాడు. "రబ్బరు సంగతి చూశావా?"

"చూస్తాను."

మధ్యాహ్నం మూడింటికి ఆమె లేచి కిందికి వచ్చింది. టీ కలుపుకుంటూ సాసర్ చూసింది.

"ఇదేమిటి?" అన్నాను.

"బియ్యం."

"ఏ రంగు బియ్యం?"

"అక్షింతలని నా నోటితో అనిపించాలనేగా. అక్షింతలు. ఇప్పుడు చెప్పు."

"ఎవరు వేశారు?"

"ఇంట్లో ఉన్నది ముగ్గురం. నువ్వు వెయ్యవు. పిల్లకు ఆ పేరే తెలీదు. తేల్చుకో మరి, తర్కం నీదేగా."

నేను మొదలుపెట్టాను. గింజ నీళ్ళకు ఉబ్బుతుందనీ, ఉబ్బి బెజ్జానికి అడ్డం పడుతుందనీ, అక్కణ్ణుంచి నీళ్ళు ఇంజెక్టర్ల మీదికి దారి చేసుకుంటాయనీ, క్షేమం కోసం వేసినదే ప్రమాదం తెచ్చిందనీ. నిలబడే మాట్లాడాను. పిల్ల టీవీ శబ్దం పెంచింది.

ఆమె టీ తాగుతూ అంతా విన్నది. "ఆ బెజ్జంలో ఈ గింజలే ఉన్నాయా?"

"ఆకులూ అవీ కూడా ఉన్నాయి."

"ఆకులు ఎన్ని?"

"ఎన్నంటే?"

"గింజలు లెక్కపెట్టావుగా. ఆకులు లెక్కపెట్టలేదేం?"

అయినా ఆపలేదు. డాక్టరువి, సైన్సు చదివినదానివి అన్నాను. దండల పెళ్ళి చేసుకున్నదానివి అని కూడా అన్నాను. ఆ మాటకు కప్పు పక్కన పెట్టింది.

"క్రిస్మస్ అయ్యాక నన్ను కోవిడ్ వార్డుకి మార్చారుగా. ఆ పొద్దున బండెక్కబోయి, భయమేసి మళ్ళీ లోపలికొచ్చా. నీతో చెబితే ఉపన్యాసం ఇస్తావు. అమ్మతో చెబితే ఏడుస్తుంది. ఇంట్లో పసుపుంది, బియ్యముంది. నాలుగు గింజలు అద్దం మీద చల్లుకుని వెళ్ళా. ఎవరికీ చెప్పక్కర్లేదు కదా అనిపించింది."

"భయమేస్తే నాకు చెప్పొచ్చుగా" అన్నాను.

"చెప్పా. ఇప్పుడు. ఏమంటావు?"

ఏమన్నానో గుర్తులేదు. గింజల సంగతే ఇంకేదో అన్నట్టున్నాను. ఆమె పిల్ల పక్కకు వెళ్ళి కూర్చుంది.

బయటికి వచ్చేసరికి వెలుతురు పోతోంది, తుంపర మొదలైంది. జనవరిలో ఇక్కడ నాలుగున్నరకే చీకటి. పలకను పెట్టి నొక్కాను. ఇటు చివర రబ్బరు సుఖంగా కూర్చుంది. అటు చివర అద్దం మూలకు నా వేళ్ళు అందలేదు. అరచేత్తో పైనుంచి రెండు దెబ్బలు వేశాను. మిగిలిన క్లిప్పులు బిగించాను. బకెట్ గుమ్మం దగ్గర ఖాళీగానే ఉంది. వాన కురుస్తుంటే మళ్ళీ నీళ్ళు పోయడమెందుకనిపించింది, చలేసింది, కోపమూ చల్లారలేదు. తాళం తిప్పితే మొదటిసారికే అంటుకుంది. మెకానిక్ మళ్ళీ ఫోన్ చేసి, "రబ్బరు చివరిదాకా కూర్చుందా?" అన్నాడు.

"కూర్చుంది" అన్నాను.

పరీక్షించి చూడు, తర్వాతే నమ్ము అని నేను ఎన్ని ఊళ్ళలో చెప్పానో.

సోమవారం పొద్దున జోరువాన. బండి కిక్కురుమనకుండా లేచింది. ఆమె వెళ్ళిపోయాక, చూశావా, గింజలు తీస్తే బాగుపడింది అని నాలో నేనే అనుకున్నాను. ఇరవై నిమిషాలకు ఫోన్ మోగింది.

"ఆగిపోయింది."

"ఎక్కడ?"

"ఎక్కడో ఏం తెలుస్తుంది, రెండు పక్కలా బురద నేల. రోడ్డు మీద దీపాలు కూడా లేవు."

"బానెట్ ఎత్తు."

"ఎత్తా. సగమే కనపడుతోంది. మిగతా సగం మీద నీళ్ళు కారుతుంటే వినపడుతోంది."

"నువ్వు ఒకసారి…"

"నీతో మాట్లాడుతూ కూర్చోలేను. వార్డుకి ఫోన్ చెయ్యాలి. పెట్టెయ్."

నేను వంటింట్లో నిలబడ్డాను. వెళ్ళడానికి రెండో బండి లేదు. పిల్ల పైన నిద్రపోతోంది. ఏం జరిగిందో ఆ క్షణంలోనే నాకు పూర్తిగా తెలుసు. ఏ మూల రబ్బరు మడత పడిందో, నీళ్ళు ఎటునుంచి ఎటు పోతున్నాయో గీసి చూపించగలను. ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది. బండి మొరాయించింది నవంబరు నుంచి. ఆమె అక్షింతలు చల్లింది క్రిస్మస్ తర్వాత. కార్యం ముందు పుట్టి, కారణం తర్వాత పుట్టింది. పదో తరగతి పిల్లవాడు పట్టుకునే తప్పు. ఆమె కూడా పట్టుకునే ఉంటుంది. అనే ఓపిక లేక ఊరుకుంది. ఇవన్నీ తెలిసి నేను చేయగలిగింది ఏమిటంటే, పొయ్యి మీద పాలు పొంగకుండా చూడటం.

రొట్టెలు సరఫరా చేసే వ్యాన్ ఒకటి ఆమె కోసం ఆగింది. డ్రైవరు రెండు అద్దాలూ పూర్తిగా దించి, మాస్కు వేసుకుని, వీలైనంత అటు పక్కకు జరిగి కూర్చుని తీసుకెళ్ళాడు. ఆ వానలో లోపల కూర్చున్నా బయట నిలబడ్డా ఒకటే. గంటన్నర ఆలస్యంగా, తడిసి ముద్దై చేరింది. ముందురోజు సాయంత్రం నుంచి పనిచేస్తున్న డాక్టరు కరీంనగర్ వైపు అమ్మాయి, కొత్తగా వచ్చింది. ఈమెను చూసి లేవబోయి గోడ పట్టుకుందట.

"ఏం గాదక్కా. నువ్వు ముందుగాల బట్టలు మార్చుకో, సలి పెడతది" అన్నదట.

ఆ అమ్మాయి తిట్టి ఉంటే బాగుండేది అంది నా భార్య ఫోన్‌లో.

పక్కింటి రైతు ట్రాక్టర్‌తో బండిని లాక్కొచ్చాడు. ముసలి మెకానిక్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. పది నిమిషాల్లో మాస్కు మీద మాస్కు వేసుకుని, ఊపిరి ఎగపీలుస్తూ మా వాకిట్లోకి వచ్చాడు. వద్దన్నాను. నన్ను గేటు దగ్గర నిలబడమని చెయ్యి చూపించాడు. వంకర తిప్పిన తీగ ఒకటి జేబులోంచి తీసి, అద్దం మూలలోకి పోనిచ్చి, వేలెడు పొడవు రబ్బరు మడతను సరిచేశాడు.

"బకెట్ పోశావా?" అన్నాడు.

"లేదు."

ఆయన నావైపు చూడలేదు. గుమ్మం దగ్గరున్న బకెట్ నింపుకొచ్చి, తనే పోసి, టార్చి వేసి చూశాడు. "నీళ్ళు పడటంలేదు. కాని ఇంజెక్టర్ సాకెట్ ఒకటి కాలిపోయింది. అతికించా. నడుస్తుంది. ఎన్నాళ్ళని మాత్రం అడక్కు." ఆయన రోడ్డు మీద మూడుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంటూ ఇంటికి నడవటం గేటు దగ్గర నుంచి చూశాను. వెంట వెళ్ళడానికి లేదు.

సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. "గది తీసుకున్నా. ఇద్దరు నర్సులతో కలిసి."

"బండి బాగైంది."

"మంచిది."

"మరి ఇంటికి రావొచ్చుగా."

"రేపు వానొస్తుందా?"

"రావచ్చు."

"వానొచ్చినా ఇది నన్ను టైముకి ఆసుపత్రికి చేరుస్తుందని నువ్వు మాటివ్వగలవా? వాదన వద్దు. అవునా, కాదా?"

నా జీవితంలో ఆ ప్రశ్నను ఎంతమందికి వేసి ఉంటాను. "పిల్లకివ్వు" అంది. పిల్ల ఫోన్ తీసుకుని, "ఆర్ యూ నాట్ కమింగ్, అమ్మా?" అని ఒకటే మాట అని, తర్వాత చాలాసేపు విన్నది.

తర్వాతి ఆదివారం పప్పు, బెండకాయ వేపుడు, మజ్జిగ పులుసు డబ్బాల్లో సర్ది, పిల్లను వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. లాక్‌డౌన్ వల్ల ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడని రోజులు. దారిలో గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి ఎక్కడికన్నారు. డాక్టరుకు అన్నం అంటే, వెళ్ళమన్నారు. ఆసుపత్రి కార్ పార్క్‌లో ఆమె బయటికి వచ్చి రెండు గజాల దూరంలో నిలబడింది. ముఖం మీద మాస్కు గీతలు పడి ఉన్నాయి. డబ్బాల సంచి నేల మీద పెట్టి నేను వెనక్కి వచ్చి సీట్లో కూర్చున్నాను. అప్పుడు ఆమె వచ్చి తీసుకుంది. ఏదో అంది. ఇంజన్ మోతలో వినపడలేదు.

"ఏమిటీ?" అని అరిచాను.

మళ్ళీ ఏదో అంది.

"డాడీ, టర్న్ ఇట్ ఆఫ్! వుయ్ కాంట్ హియర్ హర్" అంది పిల్ల.

"ఆపితే మళ్ళీ అంటుకోకపోతే ఎలాగ?"

ఆమెకు ఆ మాట వినపడినట్టుంది. ఒకడుగు ముందుకు వేసి, గట్టిగా అరిచింది. "అంటుకోకపోతే ఇక్కడే ఉంటారు. అయితే ఏం?"

నేను తాళం మీద చెయ్యి వేశాను. అప్పుడే ఆకాశంలోంచి నాలుగు చుక్కలు అద్దం మీద పడ్డాయి. ఇంటికి ముప్పై కిలోమీటర్లు, వెనక సీట్లో పిల్ల. చెయ్యి తీసేశాను. ఆమె సంచి ఎత్తి చూపించి, లోపలికి వెళ్ళిపోయింది. మొదట ఏమందో ఆ రాత్రి ఫోన్‌లో అడిగాను. గుర్తులేదంది.